దాచిన అడ్రసు

ఆ రోజు అక్క ల్యాబు నుంచి వచ్చీ రాగానే చెప్పులు ఓ మూలకి, సంచీ ఓ మూలకి విసిరేసి వాష్‌బేసిన్ దగ్గర నిలబడింది. సబ్బు రాస్తుంది, కడుగుతుంది, మళ్ళీ రాస్తుంది. ఎంతకీ తెమలడం లేదు.

"ఇక చాల్లేవే అక్కా, చర్మం ఊడొచ్చేలా ఉంది," అంది చెల్లెలు పిచ్చుక, కంప్యూటరు ముందు నుంచి లేవకుండానే.

"ట్యూషన్ మాస్టారికి రెండు కిడ్నీలూ పోయాయటే," అంది అక్క కుళాయి కట్టకుండా. "మూడుసార్లు మా ల్యాబులోనే పరీక్ష చేయించుకున్నాడు. మూడుసార్లూ అంతా బాగుందని రిపోర్టు. ఒకటి నేనే చేతికిచ్చాను. పైగా, 'మీకేం మాస్టారూ, గుండ్రాయిలా ఉన్నారు' అని పరాచికం కూడా ఆడాను."

పిచ్చుక కుర్చీ ఇటు తిప్పింది. ఆ మాస్టారు వీధి చివర ఉండేవాడు. ఒకప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ లెక్కలు నేర్పినవాడు. 'పిచ్చుక' అని అక్క ముద్దుగా పెట్టిన పేరు ఆయన నోటినుంచే వీధంతా పాకింది. ఇప్పుడు ముప్పై దాటి, ఓ కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నా, వీధిలోవాళ్ళకి ఆమె పిచ్చుకే.

అక్క అసలు సంగతి ఆ సాయంత్రమే బయటపెట్టింది. ల్యాబుకి వచ్చే రక్తం సీసాల్లో సగానికి పైగా పరీక్ష మెషీను మొహమే చూడవు. తిన్నగా సింకులో పోసేస్తారు. రిపోర్టు మాత్రం నీటుగా ప్రింటై, సంతకంతో సహా బయటికొస్తుంది. ల్యాబు ఓనరుని అందరూ డాక్టరుగారూ అంటారు గానీ, ఆయన దేనికి డాక్టరో అక్కడ పని చేసేవాళ్ళకే తెలియదు. అక్క ఒకసారి నోరు తెరిచి అడిగితే, "నీ పని నువ్వు చూసుకోమ్మా, కాదంటే గేటు తెలుసు కదా" అన్నాడట.

"కంప్లయింటు ఇవ్వరాదూ?" అన్నాడు బావ. ఆయనకి కింద వాటాలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. షాపు మూసి అప్పుడే మెట్లెక్కి వచ్చాడు.

"ఇచ్చినవాళ్ళున్నారు. వాళ్ళిప్పుడు ఏ ల్యాబులోనూ లేరు. ఓనర్లందరూ ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకుంటారు."

"అయితే పేరు లేకుండా చెప్పాలి," అంది పిచ్చుక.

అలా పుట్టింది ఆ వెబ్‌సైటు. దానికి 'సింకు' అని పేరు పెట్టింది అక్కే. ల్యాబుల్లో పని చేసేవాళ్ళెవరైనా అందులో చేరి, తాము కళ్ళారా చూసింది రాయొచ్చు. రాసినవాళ్ళ పేరు ఎవరికీ కనబడదు. మాట నిజమో కాదో వాళ్ళకి ఫోన్ చేసి అక్క విచారించుకుని, ఆ తర్వాతే సైట్లో పెడుతుంది.

సైటుని నడిపే మెషీను, అదే సర్వరు, బయట ఎక్కడైనా అద్దెకి తీసుకుంటే వాళ్ళు గుర్తింపు కాగితాలడుగుతారు, రేపు ఎవరైనా బెదిరిస్తే ఫైళ్ళన్నీ వాళ్ళ చేతిలో పెట్టేస్తారు. అందుకని పిచ్చుక తన పాత కంప్యూటరొకటి దుమ్ము దులిపి, బీరువా వెనక సందులో పెట్టి, దాన్నే సర్వరుగా చేసింది. దాని ముందు రివర్స్ ప్రాక్సీ పెడతానంది.

"అదేం బ్రహ్మపదార్థమే?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా. అక్క వాళ్ళ ల్యాబులో కౌంటరు దగ్గర ఒకమ్మాయి కూర్చుంటుంది కదా. జనం సీసా ఆమెకే ఇస్తారు, రిపోర్టు ఆమె చేతినుంచే తీసుకుంటారు. లోపల ఏ గదిలో ఎవరు పరీక్ష చేశారో వాళ్ళకేం తెలుసు? ఇదీ అంతే. ఎక్కడో విదేశంలో, గుర్తింపు కాగితాలడగనివాళ్ళ దగ్గర, ఒక మెషీను కౌంటరులా కూర్చుంటుంది. సైటు చూడాలని వచ్చినవాళ్ళు దాని దగ్గరికే వస్తారు. అది మన దగ్గరికొచ్చి అడిగి, జవాబు పట్టుకెళ్ళి వాళ్ళకిస్తుంది. బయటికి తెలిసేది దాని ఐపీ అడ్రసే, అంటే నెట్‌లో దాని ఇంటి నంబరే. మనింటి అడ్రసు దానికి తప్ప పురుగుకి కూడా తెలియదు."

"లోపల అసలు పరీక్ష జరుగుతోందో లేదో కూడా తెలియదు మా జనాలకి," అంది అక్క. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

పిచ్చుక పని శ్రద్ధగా చేసింది. ముందున్న ఆ మెషీను తప్ప వేరే ఎవరు తలుపు తట్టినా ఇంట్లో సర్వరు పలకకుండా కట్టడి చేసింది. అది బతికే ఉన్నట్టు కూడా బయటికి తెలియకూడదు. చేసినదంతా ఒకటికి పదిసార్లు బయటినుంచి తనే పరీక్షించుకుంది. తన పనితనానికి తనకే ముచ్చటేసింది. ఆఫీసులో కంపెనీల కోసం ఇలాంటివి ఎన్ని చేసినా ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

సైటు మెల్లగా మొదలై ఒక్కసారిగా అందుకుంది. ఎక్కడెక్కడి ల్యాబులవాళ్ళో రాశారు. గడువు దాటిన రసాయనాలతో పరీక్షలు చేసేవాళ్ళు, ఒకరి రిపోర్టు మీద ఇంకొకరి పేరు అతికించేవాళ్ళు, అన్నీ బయటపడ్డాయి. ఒక పేపరువాళ్ళు రాశారు. తనిఖీలవాళ్ళు కదిలారు. అక్క పని చేసే ల్యాబుకి ఓ రోజంతా తాళం పడింది. ఆ రోజు అక్క ఇంట్లో కూర్చుని, చిన్నపిల్లలా గోళ్ళు కొరుక్కుంటూ, మధ్యమధ్య నవ్వుకుంది. మర్నాడే తాళం తీసేశారనుకోండి. అయినా ఆ ఒక్క రోజూ ఆమెది.

కొన్నాళ్ళకి ఓ తలనొప్పి వచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకి సైటు ఒక మెయిల్ పంపాలి, అందులోని లింకు నొక్కితేనే చేరినట్టు. మెయిళ్ళు పంపడానికి పిచ్చుక మొదట్లోనే, ఇంటి అడ్రసు పడకుండా, వేరే దారి ఏర్పాటు చేసి ఉంచింది. అది మొరాయించింది. జనం చేరలేక వెనక్కి పోతున్నారు.

"ఏదో ఒకటి చెయ్యవే," అంటూ అక్క చెవిలో జోరీగలా తిరిగింది. "ఒక నర్సు ఫోటోలు తీసి పెట్టుకుని కూర్చుందట. ఇవాళ కాకపోతే భయపడి మానేస్తుంది."

పిచ్చుకకి ఆ వారం ఆఫీసులో ఊపిరాడని పని. తాత్కాలికంగా, ఇంట్లో సర్వరునుంచే మెయిళ్ళు నేరుగా వెళ్ళేలా మార్చింది. నేరుగా వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలియక కాదు. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర పడినట్టు, మెయిల్ లోపలి వివరాల్లో అది బయల్దేరిన మెషీను అడ్రసు ఉండిపోతుంది. రెండ్రోజులేగా అనుకుంది. అన్నట్టే రెండ్రోజుల్లో పాత దారి బాగుచేసి, దీన్ని మూసేసింది. ఇంటి నెట్ కనెక్షన్ అడ్రసు కూడా మార్పించి ఉండాల్సింది. మూసేశాను కదా అని ఊరుకుంది.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఆఫీసులో మేనేజరు ఆమెని గదిలోకి పిలిచాడు.

"కొత్త క్లయింటు. ల్యాబుల ఓనర్ల సంఘం," అన్నాడు. "వాళ్ళ మీద ఎవరో సైటు పెట్టి బురద జల్లుతున్నారట. ముందు ప్రాక్సీ ఉంది. వెనక అసలు సర్వరు ఎక్కడుందో పట్టుకోవాలి. నీకంటే బాగా పట్టుకునేవాళ్ళెవరున్నారు మనకి?"

అని స్క్రీను తిప్పాడు. 'సింకు' మొదటి పేజీ. ఆ పేజీ రంగు ఎంచుకోవడానికి పిచ్చుక, అక్క ఓ పూటంతా కొట్టుకున్నారు.

పిచ్చుక నోట్‌బుక్ తెరిచి తేదీ వేసుకుంది. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, "చూస్తాను సార్," అంది.

బయటికొచ్చి తన సీట్లో కూర్చుంది. కాసేపటికి ఆలోచన వేరే దారి పట్టింది. ఇది తన చేతికి రావడమే మంచిదైంది. ఇంకెవరికో వెళ్ళి ఉంటే? తను ఓ నెల నాన్చి, నీళ్ళు నమిలి, దొరకలేదండీ అని చెప్పేస్తే సరి. దాచింది తనే, వెతికేదీ తనే. ఇంతకన్నా భద్రం ఏముంటుంది? అక్కకి చెబితే బెంగపడి సైటు ఆపేస్తుందని చెప్పలేదు. ఆ నిర్ణయం తప్పని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

నాన్చింది. పెద్ద పెద్ద పేర్లున్న సాఫ్ట్‌వేర్లు నడిపింది, ఎందుకూ పనికిరాని పట్టికలు తయారు చేసింది. "చాలా గట్టిగా కట్టారు సార్, మామూలోళ్ళు కాదు," అని మేనేజరుతో అంది. ఆ మాటంటున్నప్పుడు లోపల కొంచెం గర్వపడింది కూడా.

మేనేజరు ఓపిక పట్టాడు గానీ ఎక్కువ రోజులు పట్టలేదు. "నీకు పని ఎక్కువైనట్టుంది," అని కంచుని కూడా దీని మీద వేశాడు.

కంచు అంటే పిచ్చుక పక్క సీటమ్మాయి. గొంతు విప్పిందంటే కింది అంతస్తుకి వినిపిస్తుందని ఆఫీసంతా ఆ పేరుతోనే పిలుస్తారు. చేరినప్పుడు ఆమెకి కీబోర్డు తప్ప ఏమీ రాదు. పని ఓనమాలనుంచి నేర్పింది పిచ్చుకే. మంచి పిల్ల. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే వాళ్ళ పని తన నెత్తినేసుకుంటుంది.

"తలుపు గట్టిగా ఉంటే తలుపుతో కుస్తీ పట్టొద్దు, ఇంట్లోంచి బయటికేం వెళ్తోందో చూడమని మీరే కదా మేడం నేర్పారు," అంది కంచు ఓ ఉదయం, టీ తాగుతూ. పిచ్చుకకి టీ చేదుగా తగిలింది.

ఆ సాయంత్రమే మీటింగు గదికి పిలుపొచ్చింది. సంఘం తరఫున ఇద్దరు, వాళ్ళ లాయరు, మేనేజరు, కంచు. పిచ్చుక గోడవారగా కూర్చుంది.

"సైటులోకి మీవాళ్ళెవరైనా దొంగపేరుతో చేరారా అనడిగాను," అంది కంచు. కొత్త బట్టలేసుకున్న పిల్లలా మొహం వెలిగిపోతోంది. "ఒక ల్యాబు రిసెప్షనిస్టు, ఏం రాస్తున్నారో చూద్దామని, ఎప్పుడో చేరిందట. ఆవిడకొచ్చిన మెయిల్ ఇంకా అలాగే ఉంది. దాని లోపలి వివరాలు తెరిచి చూశాను. అంతే, అది బయల్దేరిన మెషీను అడ్రసు ఎదురుగా కనబడుతోంది. తర్వాత ఎప్పుడో సరిదిద్దుకున్నారు. కానీ వెళ్ళిపోయిన ఉత్తరాన్ని వెనక్కి తెచ్చుకోలేరు కదా!"

తెర మీద అడ్రసు పడింది. అంకెల గుంపులు నాలుగు, మధ్యలో మూడు చుక్కలు. కంచు దాన్ని ఆ గొంతుతో ఒక్కో అంకె విడమరిచి చదివింది. పిచ్చుకకి చదవక్కర్లేదు. ఆ అంకెలు ఆమెకి ఫోన్ నంబరుకన్నా బాగా వచ్చు.

"ఇది ఇంటి కనెక్షన్," అంది కంచు. "ఎవరి పేరున ఉందో కనెక్షన్ కంపెనీవాళ్ళు చెబుతారు."

"అది మాకొదిలెయ్యండి," అన్నాడు లాయరు.

ముందు మేనేజరు చప్పట్లు కొట్టాడు. తర్వాత సంఘంవాళ్ళు. తర్వాత అందరూ. కంచు గోడవైపు చెయ్యి చూపించి, "మేడం నేర్పిందే సార్ ఇదంతా," అంది. అందరూ తలలు తిప్పి పిచ్చుకని చూశారు.

పిచ్చుక కూడా చప్పట్లు కొట్టింది.

బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసింది. "అక్కా, బీరువా వెనక మెషీను ప్లగ్గు పీకెయ్. ఇప్పుడే. ఏమీ అడక్కు, నేనొస్తున్నా."

ఇంటికెళ్ళేసరికి అక్క కంప్యూటరుని ఇవతలికి లాగి, దాని పక్కనే నేల మీద కూర్చుని ఉంది. పిచ్చుక ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చప్పట్ల సంగతొక్కటి చెప్పలేదు. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. కనెక్షన్ ఆయన పేరున ఉంది.

"అయితే నా పేరు తెలుస్తుంది. నా పేరు తెలిస్తే మీ అక్క తెలుస్తుంది," అన్నాడు మెల్లగా. "ఇంకేం మిగిలింది?"

"ఇందులో రాసినవాళ్ళ ఫోన్ నంబర్లున్నాయి," అంది అక్క. "వాళ్ళందరూ మిగిలారు."

"తుడిచేస్తాను. కానీ అక్కా, అందులో నీ ఆధారాలూ ఉన్నాయి. ఫోటోలు, మాస్టారి రిపోర్టులు. వేరే దాంట్లోకి ఎక్కించుకోవాలంటే..."

"ఎంతసేపు పడుతుంది?"

"తెల్లారుతుంది."

"ఈలోపు ఎవరైనా వస్తే?"

 అక్క లేచి, షాపులోంచి బావ సుత్తి తెచ్చింది. "డిస్కు ఏదో చూపించు," అంది. పిచ్చుక మూత విప్పి చూపించింది. అక్క దాన్ని వరండాలోకి తీసుకెళ్ళి, గచ్చు మీద పెట్టి, చెయ్యి నొప్పిపుట్టేదాకా కొట్టింది. కింద వాటాలో కళ్ళద్దాల అరలు గలగలలాడాయి. ఎవరూ ఆమె చేతిలోంచి సుత్తి తీసుకోలేదు.

ఎవరూ రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వారం గడిచాక, తీరిగ్గా, సూటూ బూటూ వేసుకుని లాయరు మనిషి వచ్చాడు. ఫోటోలన్నీ మరో డిస్కులోకి ఎక్కించుకునేంత వ్యవధి ఉండేదని ఆ తర్వాతగానీ ముగ్గురికీ తట్టలేదు. తట్టినా ఎవరూ పైకి అనలేదు.

ల్యాబులో డాక్టరుగారు అక్క మీద అరవలేదు, తిట్టలేదు. "కుటుంబంలాగా చూసుకున్నాం కదమ్మా," అన్నాడట అందరి ముందూ. గేటు దాకా వాచ్‌మన్‌ని తోడిచ్చి పంపించాడు. తర్వాత కేసు పడింది. పరువు తీసిందని ఒకటి, సాక్ష్యాలు నాశనం చేసిందని ఇంకొకటి. ఆ రెండోదానికి ఆధారం వరండాలో గచ్చు మీద పడిన గుంటలే.

అక్క ఒక్క ఆశ మీద నిలబడింది. సైట్లో రాసినవాళ్ళలో కొందరైనా కోర్టుకొచ్చి, మేమూ చూశాం అంటారని. గుర్తున్న నంబర్లకి ఫోన్ చేసింది. కొందరు ఎత్తలేదు. కొందరు ఎత్తి, మీరెవరో తెలియదన్నారు. ఫోటోలు తీసిన నర్సు మాత్రం బాగా మాట్లాడింది. "మీరు డిస్కు పగలగొట్టి మమ్మల్ని కాపాడారు. మీ మేలు ఈ జన్మలో మరిచిపోనండీ. దయచేసి ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి," అంది.

మాస్టారి కొడుకు వచ్చాడు ఒక రోజు. సాక్ష్యం చెబుతాడేమోనని అక్క మొహం విప్పారింది. ఓనర్ల సంఘం తన తండ్రి వైద్యం చూసుకుంటామంది కనుక, ఆయన పేరు ఎక్కడా ఎత్తొద్దని అడగడానికొచ్చాడు. అక్క సరేనంది. వేరే ఏమంటుంది?

పిచ్చుక ఉద్యోగం మానేస్తానని రాజీనామా రాసింది. బావే ఆపాడు. "మీ అక్క సంపాదన పోయింది. షాపు సంగతి నీకు తెలుసు. లాయరు దగ్గరికి ఊరికే వెళ్ళలేం," అన్నాడు నేల చూస్తూ. మరదలిని ఆట పట్టించకుండా ఒక్క పూట కూడా ఉండలేని మనిషి, ఆ మాట చెప్పడానికి పరాయివాడిలా గొంతు సవరించుకున్నాడు. పిచ్చుక రాజీనామా చింపేసింది. ఇల్లు పట్టిచ్చిన కంపెనీ జీతంతోనే ఇల్లు గడవసాగింది.

ఆఫీసులో కంచుకి ప్రమోషన్ వచ్చింది. 'సింకు' మనుషులతో పిచ్చుకకి బంధుత్వం ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. కనెక్షన్ బావ పేరున ఉంది, అక్క ఇంటిపేరు పెళ్ళితోనే మారిపోయింది, ఇంటి వివరాలు లాయరుని దాటి ఆఫీసుదాకా రాలేదు.

"ఆ కేసులో ఎవరో ఆడమనిషట మేడం," అంది కంచు ఒకసారి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "ల్యాబులో పని చేసేదట. ఉద్యోగం పోయిందట. ఆవిడ చెప్పింది నిజమేనంటున్నారు కొందరు. నాకు రాత్రి అన్నం సయించలేదు. మనం చేసింది తప్పంటారా?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. చెప్పేద్దామా అనిపించింది పిచ్చుకకి. చెబితే ఈ పిల్ల కుప్పకూలిపోతుంది. మేనేజరుకి తెలుస్తుంది. ఇంటికొచ్చే ఆ ఒక్క జీతమూ పోతుంది.

"మనం అడ్రసు చెప్పాం, అంతే," అంది. "పని చూసుకో."

కంచు కళ్ళు తుడుచుకుని, ఊరట పడి, పని చూసుకుంది. పెద్దావిడ అంత మాటన్నాక ఇక అనుమానమేముంది?

ఆ సాయంత్రం పిచ్చుక తిన్నగా అక్క దగ్గరికెళ్ళి కూర్చుంది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పనికి వెళ్ళడం మానేశాక ఆమె ఇంట్లో బట్టలన్నీ ఇస్త్రీ చేసినంత సాపుగా మడుస్తోంది.

"అక్కా, ఆ రోజు అడ్రసు చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు," అంది. "నేనూ కొట్టాను."

అక్క చేతిలో బావ చొక్కా ఉంది. దాని కాలరు సరిచేసింది.

"గట్టిగానా?"

"అందరితోపాటే."

"కొట్టకపోతే అనుమానం వచ్చేదిలే," అంది అక్క. చొక్కా మడిచి దొంతి మీద పెట్టింది. ఇంకోటి తీసింది. అది సగం మడిచి ఆగిపోయింది. "అయినా కొట్టకుండా ఉండాల్సిందే."

"అక్కా..."

"తిట్టడం లేదే. నీ స్థానంలో ఉంటే నేనూ కొట్టేదాన్నేమో. అదే ఆలోచిస్తున్నా."

తర్వాత ఇద్దరూ కలిసి మిగతా బట్టలు మడతపెట్టారు. ఆ మాట మళ్ళీ వాళ్ళ మధ్యకి రాలేదు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. ల్యాబు రంగులేసుకుని, కొత్త బోర్డు పెట్టుకుని, పక్క వీధిలో ఇంకో శాఖ తెరిచింది. మాస్టారు ఆ ఏడాది తిరక్కుండానే పోయాడు. చూడ్డానికి అక్క ఒక్కతే వెళ్ళింది. పిచ్చుకకి ఆ రోజు ఆఫీసులో కొత్త క్లయింటుతో మీటింగు ఉంది. దాచిన సర్వర్లు పట్టుకోవడంలో వాళ్ళ కంపెనీకి ఈమధ్య మంచి పేరొచ్చింది.